ఉంగరం రంగు మారని సాయంత్రం

అమ్మ పోయిన నెలకి, జ్ఞాపకార్థ కూడిక అయిపోయి చుట్టాలంతా వెళ్లాక, పాతపట్నంలో మా తమ్ముడి ఇంట్లో ఆవిడ ట్రంకుపెట్టె తెరిచాం. అట్ట ఊడిపోయిన కీర్తనల పుస్తకం ఒకటి, మడతల దగ్గర చిరుగుతున్న తెల్లచీర ఒకటి, దగ్గుబిళ్లల రేకు డబ్బాలో దూదిలో చుట్టిన ఉంగరం ఒకటి నా వాటాకి వచ్చాయి. ఉంగరం నా చేతిలో పెడుతూ మా మరదలు సరోజిని, "వొదినా, ఇది నువ్వట్టుకెల్లిపో. రాయి డూప్లికేటంట గదా, అత్తమ్మ ఎప్పుడూ బయటికి తియ్యనేదు. పారీడానికి నాకు మనసొప్పలేదు" అంది. ఆ ఉంగరం కథ సరోజినికి మా ఇంటికి కోడలుగా వచ్చాక విన్నంతవరకే తెలుసు. నాకు మొదటినుంచీ తెలుసు, అంటే తెలుసనుకున్నాను. పచ్చటి రాయి, కందిగింజంత. నా వేలికి ఎక్కలేదు. ముప్పై ఏళ్లు బళ్లో సుద్దముక్క పట్టుకున్న వేళ్లు, కణుపులు వాచిపోయి ఉన్నాయి.

విజయనగరం తిరిగొచ్చాక ఒక మధ్యాహ్నం గంటస్తంభం దగ్గర ఆటో దిగి, ఎదురుగా కనిపించిన నగల కొట్లోకి వెళ్లాను. ఉంగరం కాస్త వదులు చేయించుకుందామని, అంతే. ఈ కాలం నగల కొట్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. కప్పు నిండా పసుప్పచ్చ దీపాలు, ఆ వెలుగులో ఇత్తడి గరిటె పెట్టినా బంగారంలాగే మెరుస్తుంది. కౌంటరు వెనకున్న అమ్మాయి ఉంగరాన్ని నల్ల మఖమల్ పళ్లెంలో పెట్టి, "రాయి కూడా పాలిష్ పెట్టమంటారా మేడమ్? ఎరుపు బాగా తేల్తాది" అంది. ఎరుపేమిటి, అది పచ్చరాయి కదమ్మా అంటూ కళ్లజోడు సర్దుకుని చూశాను. పళ్లెంలో ఉన్న రాయి ఎర్రగా ఉంది. నేరేడుపండు కొరికితే లోపల కనిపించే ఎరుపు. యాభై ఏళ్ల పైమాట, నేను ఆ ఎరుపు చూసి.

ఆ అమ్మాయికి సంతోషం పట్టలేదు. లోపల్నుంచి వాళ్ల యజమానిని పిలిచింది. ఆయన భూతద్దం పెట్టి చూసి, కొట్టు గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో చూపించాడు: పచ్చ. లోపలికి తెచ్చాడు: ఎరుపు. "అసలైన రాయమ్మా. ఇప్పుడు దొరకవు. సూర్యుడి వెలుగుకి పచ్చగా ఉంటాది, దీపానికో పాత బల్బుకో ఎర్రబడతాది" అన్నాడు. మరి ట్యూబులైటుకి? అని అడిగాను. "ట్యూబులైటుకి మారదమ్మా. అది పగటి వెలుగు లాటిదే గదా. పచ్చగానే ఉండిపోతాది" అన్నాడాయన, అదేదో మామూలు సంగతి అయినట్టు. నేను కాస్త కూర్చుంటానన్నాను. స్టూలు వేసి మంచినీళ్లిచ్చారు. నీళ్లు తాగుతుంటే ఆ అమ్మాయి ఊరుకోకుండా, ఇలాటివే ఫ్యాక్టరీలో చేసినవి తమ దగ్గరున్నాయనీ, ఇప్పుడు పెళ్లిళ్లకి అందరూ ఇవే అడుగుతున్నారనీ చెప్పుకుపోయింది. "ఒకటే ఉంగరం మేడమ్, పగలు పచ్చచీరకీ మేచ్, సాయంత్రం రిసెప్షన్‌లో ఎర్రచీరకీ మేచ్" అని నవ్వింది. పాపం, దాని తప్పేముంది. రంగులు మారే రాయంటే ఎవరికి ముచ్చట కాదు? మా ఇంట్లోనూ అది ముచ్చటగానే మొదలైంది.

మా నాన్న పాతపట్నం మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. ఆసుపత్రి వెనకే క్వార్టర్స్, రెండు గదులూ ఒక వసారా. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది: నాన్న చొక్కాకి అంటుకొచ్చే టింక్చరు, వసారాలో ఆరేసిన ఎండునెత్తళ్ల చేపలు, పొద్దు వాలుతుంటే లాంతరులో పోసే కిరసనాయిలు. లాంతరు పని నాది. కుంపట్లో బూడిద తీసి, పాత బనీను ముక్కతో చిమ్నీ తుడిచి, ఒత్తి సమంగా కత్తిరించి, గుమ్మానికి తగిలించాలి. చిమ్నీ మీద ఒక్క మసిచార కనబడినా మామ్మ ఊరుకునేది కాదు. మామ్మ అంటే మా నాన్న తల్లి. పదేళ్ల వయసులో కుటుంబంతో బాప్తిస్మం తీసుకుందట. ఆ తరవాత ఒంటిమీద పిసరంత బంగారం పెట్టుకోలేదు, పెట్టుకున్న వాళ్లని చూస్తే ఊరుకోలేదు. కోడలి చెవుల దుద్దులు తీయించింది. ఆదివారం మా ప్రార్థన గుడిలో ఏ ఆడమనిషి కొత్త గొలుసుతో వచ్చినా, కీర్తన మధ్యలో గొంతు తగ్గించకుండానే, "అది దేముడికి సూపించడానికే ఏసుకొచ్చినాదేటి" అని పక్కనున్న వాళ్లని అడిగేది.

అలాంటి ఇంట్లోకి ఆ రాయి ఎలా వచ్చిందంటే, కొండల వైపు రంగురాళ్ల తవ్వకాలకి పోయిన కూలీ ఒకడు కాలు చితికి ఆసుపత్రికి వచ్చాడు. రెండు నెలలు నాన్న రోజూ వాడి పుండు కడిగి కట్టు కట్టాడు. వెళ్లే రోజున వాడు మొలలోంచి గుడ్డముక్క తీసి, విప్పి, నాన్న చేతిలో ఆ రాయి పెట్టాడట. నాన్న దాన్ని మామ్మకి తెలియకుండా పక్క ఊరు పర్లాకిమిడి తీసుకెళ్లి సన్నటి ఉంగరంలో పెట్టించి అమ్మకిచ్చాడు. మామ్మ మూడు రోజులు అన్నం ముందు ముఖం తిప్పుకుని కూర్చుంది. నాలుగో రోజు సాయంత్రం కుటుంబ ప్రార్థనలో అమ్మ కీర్తనల పుస్తకం తిప్పుతుంటే, లాంతరు వెలుగులో రాయి ఎర్రబడటం మొట్టమొదట మామ్మే చూసింది. నోట్లో కీర్తన ఆగిపోయింది. అమ్మ చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసి, "పిల్లా, ఇది పెబువు రక్తమే" అంది. ఆ రోజునుంచి ఆ ఉంగరం మా ఇంట్లో నగ కాదు. పగలంతా పచ్చగా ఉండే రాయి లాంతరు వెలిగించగానే ఎర్రబడేది, మామ్మ వసారాలోంచి "రాయి ఎర్రబడ్డాది, రండర్రా" అని పిలిచేది, మేము కాళ్లూ చేతులూ కడుక్కుని చాప మీద కూర్చునేవాళ్లం. మాకు గడియారం లేకపోయినా ప్రార్థన ఒక్కనాడూ ఆలస్యం కాలేదు. నగలు వద్దని వీధి వీధంతా బోధించిన మనిషి, అమ్మ గిన్నెలు తోమేటప్పుడు ఉంగరం తీసి గూట్లో పెట్టిందో లేదో అని లేచొచ్చి చూసుకునేది. మా నాన్న దాన్ని చూసి నవ్వుకునేవాడు కానీ, పైకి అనే ధైర్యం లేదు.

ఇక సన్యాసాచారి మావ గురించి చెప్పాలి. ఆయన మా వీధి చివర కంసాలి. మాకు చుట్టరికం లేదు, ఆయన మతం వేరు, అయినా వీధిలో పిల్లలందరికీ ఆయన మావే. అప్పటికి ముప్పై దాటి ఉండవు. బడి వదలగానే నేను ఆయన కొట్టు గుమ్మంలో చతికిలపడేదాన్ని. పెంకు కుంపట్లో బొగ్గులు, ఇత్తడి ఊదుగొట్టం, ముందు చిన్న చెక్కపీట. ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని ఆయన బుగ్గలు పూరించి ఊదుతుంటే మంట సన్నగా సాగి, సరిగ్గా కావలసిన చోటే వెళ్లి తాకేది. పని మధ్యలో మాట్లాడడు. మంట తీశాక మాత్రం, "ఏటి పాపమ్మా, ఈయాల బళ్లో ఏటి సెప్పినారు?" అనేవాడు. నేను లెక్కలో తప్పిన రోజున చెప్పకుండానే ఆయనకి తెలిసిపోయేది. పని చీకటిపడేదాకా పెట్టుకునేవాడు కాదు. వెలుతురు తగ్గగానే సామాను సర్దేసేవాడు. ఆయనకి కళ్లమీద అంత జాగ్రత్త.

మా క్వార్టర్స్‌కి కరెంటు వచ్చిన వారంలోనే అమ్మ ఉంగరం విరిగింది. ఈ రెండూ ఒకేసారి జరగకపోయి ఉంటే అని ఇప్పుడు ఎన్నిసార్లు అనుకుంటున్నానో. రాయిని పట్టి ఉంచే నాలుగు కొక్కేల్లో ఒకటి ఊడింది. అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆచారి మావ కొట్టుకి తీసుకెళ్లింది. ఆయన ఉంగరం చూసి, "రాయి తీసి, తోమి, కొక్కెం కట్టి మళ్లీ కూర్సాలమ్మా. నాలుగు రోజులు ఉంచండి" అన్నాడు. రాయి రంగు మారుతుందని అమ్మ చెప్పలేదు. ఎందుకు చెబుతుంది? మా ఇంట్లో అది అందరికీ తెలిసిన సంగతి, చెప్పాల్సిన సంగతని ఎవరికీ తోచలేదు. ఆ నాలుగు రోజుల్లో మా నాన్న ఇంట్లో వైరు లాగించాడు. వీధిలో కరెంటు ఉన్న రెండు మూడిళ్లలోనూ బల్బులే. నాన్న మాత్రం ఆపరేషను గదిలో చూసి మనసు పడ్డాడు కాబట్టి ట్యూబులైటే కావాలన్నాడు. అది టకటక కొట్టుకుని భగ్గున వెలిగినప్పుడు వీధి పిల్లలంతా మా వసారాలో ఉన్నారు. అన్నం మెతుకులు కూడా నీలంగా కనిపించాయి. లాంతరు తుడిచే పని తప్పిందని నేను గంతులేశాను.

ఉంగరం తెచ్చిన సాయంత్రం ట్యూబులైటు కింద మా మొదటి ప్రార్థన. అమ్మ పుస్తకం తెరిచింది. మామ్మ కళ్లు పుస్తకం మీద లేవు. కీర్తన మొదటి చరణం అయింది, రెండోది అయింది, రాయి పచ్చగానే ఉంది. "సెయ్యి ఇటు తిప్పే" అంది మామ్మ. అమ్మ తిప్పింది. "అటు." తిప్పింది. ప్రార్థన ఆగిపోయింది. మామ్మ గొంతులో ఉన్నది అప్పుడు నాకు కోపంలా అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే అది భయం. "ఇది మన రాయి కాదు. ఆసారి మార్సీసినాడు" అంది. మర్నాడూ, ఆ మర్నాడూ అదే చూసింది. మూడో సాయంత్రం ఉంగరం అమ్మ వేలినుంచి లాగి, దగ్గుబిళ్లల డబ్బాలో పెట్టి, అమ్మ ట్రంకులో పడేసి తాళం వేసుకుంది. అమ్మ ఒక్కసారి మాత్రం, "ఆయన అలాటి మనిషి కాదత్తా" అంది. "అయితే ఏటంటావు? పెబువు రాయిలోంచి లేసెల్లిపోనాడంటావా?" అని మామ్మ గద్దించింది. అమ్మ పుస్తకం మూసి లేచింది. మామ్మకి దారి లేదు మరి. కంసాలి దొంగ కాకపోతే దేవుడు మా ఇల్లు విడిచిపెట్టినట్టు ఒప్పుకోవాలి. ఆవిడ కంసాలినే ఎంచుకుంది. ఇంత చదువుకున్న నాన్నకి కూడా కొత్తగా వచ్చిన దీపం మీదికి చూపు పోలేదు. పోయేదెలా? అది ఆయన గొప్ప కదా.

కబురంపితే ఆచారి మావ పగటిపూట మా వసారాలోకి వచ్చాడు. ఉంగరం చూసి, "ఇది మీ రాయేనమ్మా. నా సేతుల్తో ఊడదీసి, నా సేతుల్తో కూర్సినాను" అన్నాడు. మా రాయి సాయంత్రం ఎర్రబడేదని మామ్మ అంటే, ఆయన తెల్లబోయి చూశాడు. "రాయి రంగు మారడమేటి మామ్మా? నా తాత కాడినుంచీ ఈ పనే సేస్తన్నాం, నానెక్కడా సూళ్లేదు" అన్నాడు. ఆ మాటే ఆయన కొంప ముంచింది. చూడనే లేదంటున్నాడు, దొంగ కాకపోతే ఎవరంటారు ఆ మాట, అన్నారు వీధిలో అందరూ. బైబిలు మీద చెయ్యేసి చెప్పమంది మామ్మ. "నాకు తెలీని పుస్తకం మీద నానెలగ ఒట్టెయ్యను తల్లీ? అది మీ దేముడికీ మర్యాద కాదు, మా దేముడికీ కాదు. మా అమ్మోరి కాడ దీపం ఆరుపుతాను, మీరంతా వచ్చి సూడండి" అన్నాడాయన. మేము అమ్మవారి గుడికి వెళ్లం. నాన్న కల్పించుకుని, మనకి ఒట్లు నిషిద్ధం, అతన్ని మనం క్షమించేశాం, ఇక వదిలెయ్యండి అన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. ఆదివారం సంఘం ముందు లేచి నిలబడి, మా ఇంటిపట్ల తప్పు చేసిన సహోదరుణ్ణి క్షమించు ప్రభువా అని ప్రార్థన చేశాడు. నాన్న క్షమాగుణం గురించి మా సంఘంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకిప్పుడు ఒళ్లు మండుతోంది. సోమవారం పొద్దున్నే ఆచారి మావ ఆసుపత్రి మెట్ల దగ్గరకొచ్చి, అందరూ వింటుండగా నాన్నని అడిగాడు, "బాబూ, నాను తప్పు సెయ్యనేదు. సెయ్యని తప్పుకి నన్నెందుకు క్షమిస్తన్నారు?" నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేసి లోపలికెళ్లిపోయాడు.

దీపం ఆర్పడమంటే మా వైపు చిన్న సంగతి కాదు. నింద పడ్డ మనిషి స్నానం చేసి, తడిబట్టలతో అమ్మవారి ముందు నిలబడి, నేనీ పని చెయ్యలేదని చెప్పి, వెలుగుతున్న దీపాన్ని తన చేత్తో ఆర్పాలి. మాట అబద్ధమైతే అమ్మవారు చూసుకుంటుందని నమ్మకం. ఆచారి మావ దీపం ఆర్పిన తెల్లవారుజామున నేను, బడికని చెప్పి సంచీ పట్టుకుని వచ్చి, గుడి కంచె అవతల నిలబడి చూశాను. మా వాళ్లెవరూ రాలేదు. ఆయన భార్య, కడుపుతో ఉంది, ఒక పక్కన నిలబడి ఏడుస్తోంది. మట్టిప్రమిదలో పెద్ద ఒత్తి. ఆయన అరచెయ్యి దానిమీద బోర్లించాడు. అంత మంచి దీపం వెలుగుతున్న చోట మా ఉంగరం ఒక్క నిమిషం పెట్టి ఉంటే చాలు. అది మా ట్రంకులో తాళంలో ఉంది. ఆ తరవాత కరెంటు పోయిన సాయంత్రాలు లెక్కలేనన్ని వచ్చాయి, నేను మళ్లీ లాంతరు తుడిచాను, అందరం దాని చుట్టూ కూర్చుని కీర్తనలు పాడాం. పెట్టె తెరిచి చూద్దామని మాలో ఒక్కళ్లకీ అనిపించలేదు. మోసంతో చేతికొచ్చిన వస్తువు మొహం ఎవరు చూడాలనుకుంటారు?

రెండు మూడేళ్లు తిరిగాయో లేదో, ఆచారి మావకి చూపు తగ్గడం మొదలైంది. మంట చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయనేవాడట. తరవాత పక్కనున్న మనిషి కనబడటం మానేశాడు. నాన్న దగ్గరికే వచ్చాడు, నాన్న డాక్టరుకి చూపించాడు. నీటికాసులు, కంట్లో ఒత్తిడి పెరిగి చూపు తినేసే జబ్బు, ఆలస్యమైపోయింది అన్నారు. నాన్న చుక్కలమందు వేసేవాడు కానీ, అది ఉన్న చూపు నిలపడానికే చాలలేదు. ఊరు మాత్రం వేరే మాట చెప్పుకుంది. "దీపం ఆరిపినోడికి కళ్లదీపాలు ఆరిపోనాయి" అని కుళాయి దగ్గర ఆడవాళ్లు అంటుంటే నేను బిందె పట్టుకుని విన్నాను. మామ్మ ఆ మాట విని కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పింది. బంగారం ఆయన కొట్టుకి రావడం మానేసింది, తరవాత కొట్టే మూతపడింది. ఇల్లు ఖాళీ చేసే ముందు ఒకనాడు బడి దారిలో ఎదురయ్యాడు, కర్రతో నేల తడుముకుంటూ. నా చెప్పుల చప్పుడు గుర్తుపట్టి ఆగాడు. "పాపమ్మా, నువ్వయినా నమ్ముతావేటి?" అని అడిగాడు. నాకు పన్నెండేళ్లు. నేను ఊపిరి బిగపట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా ఆయన పక్కనుంచి వెళ్లిపోయాను. ఆయన కాసేపు అలాగే ఖాళీ దారివైపు మొహం పెట్టి నిలబడ్డాడు.

నగల కొట్లోంచి ఇంటికొచ్చాక వారం రోజులు ఉంగరాన్ని పగలు ఎండలోనూ, రాత్రి దీపం దగ్గరా పెట్టి చూస్తూనే ఉన్నాను. ఈ నిజం ఎవరికి చెప్పాలి? మామ్మ లేదు, నాన్న లేడు, అమ్మ మొన్నమొన్ననే పోయింది. ఆ రోజు గుడి ముందు నిలబడ్డవాళ్లూ, కుళాయి దగ్గర మాట్లాడినవాళ్లూ ఎవరూ లేరు. తమ్ముడికి ఫోన్ చేస్తే, "అప్పుడు నేను పుట్టనేలేదు గదక్కా, ఇప్పుడదంతా ఎందుకు" అన్నాడు. ఈ రోజుల్లో పదేళ్ల పిల్ల ఫోన్‌లో అడిగితే అర నిమిషంలో చెప్పేస్తుంది, రాయి ఏ వెలుగుకి ఏ రంగో. ఆ అర నిమిషం మా దగ్గర లేక ఒక మనిషి బతుకు పోయింది. మేం చెడ్డవాళ్లమా అంటే కాదు. పుండు కడిగే చెయ్యి మా నాన్నది, ఆకలన్నవాడికి తన ముద్ద తీసి పెట్టేది మా మామ్మ. ఆ మంచితనంతోనే అంతా చేశాం. నాకు ఎవరిమీద కోపం పెట్టుకోవాలో కూడా తెలియలేదు. చివరికి తమ్ముడే మనసు కరిగి అక్కడా ఇక్కడా విచారించి, ఆచారి గారు బతికే ఉన్నారనీ, శ్రీముఖలింగంలో కూతురి దగ్గర ఉంటున్నారనీ చెప్పాడు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

కూతురి పేరు ఈశ్వరమ్మ. ఆ రోజు తల్లి కడుపులో ఉన్న పిల్ల ఈవిడే. గుడివీధిలో రెండు గదుల డాబా. ఫలానా వాళ్లమ్మాయినని చెప్పగానే ఆవిడ మొహం మూసుకుపోయింది, అయినా కుర్చీ వేసింది. ఆచారి మావ వసారాలో చాప మీద కూర్చుని, చేటలో చింతపండు పిక్కలు తీస్తున్నాడు. మనిషి ఎండిపోయాడు, వేళ్లు మాత్రం అవే వేళ్లు, ఒక్క పిక్క వదలడం లేదు. "నాన్నా, పాతపట్నం కాంపౌండరు గారి కూతురొచ్చినారు" అంది ఈశ్వరమ్మ. ఆయన చేతులు ఆగాయి. "పాపమ్మేనా? రా తల్లీ, కూకో. మీ యమ్మ బాగుందా?" అన్నాడు. నేను చాప మీద ఆయన ఎదురుగా కూర్చుని, ఏడవకూడదని ఎంత అనుకున్నా ఏడ్చాను.

ఏడుపయ్యాక ఉంగరం ఆయన చేతిలో పెట్టి అంతా చెప్పాను. లాంతరు, ట్యూబులైటు, కొట్టు యజమాని మాటలు. ఆయన మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. బొటనవేలితో ఉంగరం చుట్టూ తడుముతూ, "ఇదిగో, ఈ కొక్కెం నాను కట్టిందే. తక్కిన మూడూ పర్లాకిమిడి పని. నాది కాసింత మందం" అన్నాడు. ఈశ్వరమ్మ లోపలికెళ్లి దేవుడి దగ్గర దీపం వెలిగించి ప్రమిద పట్టుకొచ్చింది. నీడలో దాని దగ్గర పెడితే రాయి ఎర్రబడింది. ఆవిడ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "మారినాదా?" అని అడిగాడాయన. "మారినాది నాన్నా" అంది ఆవిడ. ఆయన తల ఊపాడు. సంతోషిస్తాడనుకున్నాను. తిడతాడేమో, తిడితే బాగుండుననుకున్నాను. ఆయన చేటని పక్కకి జరిపాడు.

"నీకొక సంగతి సెప్తాను పాపమ్మా" అన్నాడు. "ఆ రోజు నా పీట మీద రెండు పచ్చరాళ్లున్నాయి. ఒకటి మీది, ఇంకోటి వేరే ఊరి రైతుది. రెండూ కందిగింజంతవే. మీదే మీకు కూర్సినానని గట్టిగా అనుకుని దీపం ఆరిపినాను. కళ్లు మసకబారినాక అనుమానం పట్టుకున్నాది. నాను దొంగని కాను, గాని పొరపాటున మార్సీసినానేమో. ఆ రైతు కాడికి ఎల్లి అడిగితే, ఆ రాయి ఎక్కడో పారీసుకున్నామన్నారు. మరి సూసుకోడానికి నాకేటున్నాది? తెలీక సేసినా అమ్మోరి ముందు అబద్దం ఆడినట్టే గదా. కళ్లు తీసుకున్నాది, నాయమే సేసినాది అనుకున్నాను. ఇన్నేళ్లూ ఆవిడ్ని ఒక్కనాడూ ఒక్క మాట అననేదు. సేసిన తప్పు అనుభవిస్తన్నానులే అని నిమ్మళంగా ఉన్నాను." ఈశ్వరమ్మ కూడా ఈ మాట మొదటిసారి వింటున్నట్టుంది, ప్రమిద పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆయన మొహం నా గొంతు వచ్చిన వైపుకి తిప్పాడు. "ఇప్పుడు నువ్వొచ్చి నాను ఏ తప్పూ సెయ్యనేదంటన్నావు. అయితే నా కళ్లెందుకు పోనాయి పాపమ్మా?"

నీటికాసులు అన్న మాట నా నాలిక మీదే ఉంది. ఆయన అడిగింది దాని గురించి కాదని నాకు తెలుసు. ఉంగరం పట్టుకున్న చెయ్యి నా వైపు చాపి, నేను చెప్పబోయే జవాబు కోసం చెవి ఒగ్గి, ఆయన కూర్చునే ఉన్నాడు.